సిద్ధరాములు గీసిన పొగ

తప్పు చేయడం సిద్ధరాములుకు చేతకాదు. ఈ మాట షోలాపూర్ నీలం నగర్ జనం అన్నది కాదు, సిద్ధరాములే అనేవాడు, అదీ రోజుకు ఒక్కసారైనా. కూరలో ఉప్పెక్కువైతే అది పెళ్లాం అనసూయ తప్పు, ఉప్పు తక్కువైనా అనసూయ తప్పే. సైకిలు పంక్చరైతే మున్సిపాలిటీ తప్పు. షోలాపూర్ చద్దర్ల మీద ఉండే నెమళ్లను, పూలను, ఏనుగులను గళ్ల కాగితం మీద గీసివ్వడం ఆయన పని. ఆ కాగితాన్నే నక్ష అంటారు, అది చూసుకుని అట్టలకు బెజ్జాలు కొడతారు. ఆ అట్టలు మగ్గమెక్కితే నెమలి బట్టలోకి దిగుతుంది. ఒక్క గడి అటూ ఇటూ అయిందా, నెమలి ముక్కు వంకరపోతుంది. ఆయన చేతి మీద ఒక్క ముక్కూ వంకరపోలేదు, అందుకే అందరూ ఆయన్ని నక్ష సిద్ధరాములు అనేవారు. అంత పేరున్న మనిషి కూరలో ఉప్పు దగ్గర ఎందుకు తగ్గుతాడు చెప్పండి.

తన పేరును మించిన గర్వం ఆయనకు ఒక్కటే ఉండేది, కూతురు వసంత. పూనాలో పర్యావరణం చదువు చదివి, అక్కడే ఒక చిన్న కంపెనీలో చేరింది. చిమ్ని పొగ గాలిలో ఎటు పోయి ఎక్కడ దిగుతుందో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. దాన్ని ఫ్యాక్టరీల ఇంజనీర్లకు, కాలుష్యం చూసే ఆఫీసర్లకు నేర్పడం ఆ కంపెనీ వ్యాపారం. తొంభై ఐదో సంవత్సరంలో షోలాపూర్‌లో కంప్యూటర్‌ను కళ్లతో చూసినవాళ్లే తక్కువ. పొగను లెక్కగట్టే కంప్యూటర్ అనేసరికి కొంతం చౌక్ టీ కొట్టులో జనం సిద్ధరాములును ఎగాదిగా చూసేవాళ్లు.

"చిమ్ని ఎంత ఎత్తో చెప్పాలె, దాని నోరెంత వెడల్పో చెప్పాలె, పొగ ఎంత వేడుంటదో, గాలి ఏ దిక్కు నుంచి ఎంత జోరుగ వస్తదో చెప్పాలె," అని ఆయన గ్లాసు చేతబట్టుకుని పాఠం చెప్పేవాడు. "గదంత మింగి, ఏ గల్లీల ఎంత పొగ దిగుతదో అంకెలల్ల కక్కుతది."

"పొగ కండ్లకు కనపడ్తనే ఉంటది గదా, దానికి కంప్యూటర్ ఎందుకు?" అని టీ కొట్టువాడు.

"ఇంకా కట్టని చిమ్ని పొగ కనపడ్తదా నీకు?"

టీ కొట్టువాడు గ్లాసులు కడగడంలో పడ్డాడు. నిజానికి ఆ మాట వసంత చెప్పిందే. కానీ కూతురి మాట తండ్రి వాడుకుంటే అది అప్పు కిందికి రాదు కదా.

దీపావళి అయిన మరుసటి వారం వసంత షోలాపూర్ వచ్చింది. పండక్కి కాదు, పాఠం చెప్పడానికి. స్టేషన్ దగ్గర ఒక హాలు అద్దెకు తీసుకుని మూడు రోజుల ట్రైనింగ్ పెట్టింది కంపెనీ. చక్కెర ఫ్యాక్టరీల నుంచి, సిమెంటు ఫ్యాక్టరీ నుంచి, సర్కారు ఆఫీసుల నుంచి సఫారీ సూట్లు వేసుకున్న పెద్ద మనుషులు ఎనిమిది మంది వచ్చారు. వాళ్లలో చిన్నవాడు కూడా వసంతకు బాబాయి వయసువాడే. ఆమె ఒక్కతే నిలబడి నేర్పడం ఇదే మొదటిసారి. ఆఖరి రోజు పూనా నుంచి పెద్ద సారు వచ్చి చూస్తాడు. బాగా జరిగితే షోలాపూర్, సాంగ్లీ, కొల్హాపూర్ వైపు ట్రైనింగులన్నీ ఇకమీదట వసంతవే. జరగకపోతే మళ్లీ పూనా ఆఫీసులో మూల కుర్చీ, గాలి అంకెలు టైపు కొట్టుకోవడం. ఆమె తిండి సరిగ్గా తినడం లేదని అనసూయ గొణిగింది. సిద్ధరాములుకు మాత్రం నేల మీద కాళ్లు ఆనలేదు.

నేర్పడానికి ఒక నిజమైన చిమ్ని కావాలి. అది నీలం నగర్‌లోనే దొరికింది. చద్దర్లు అమ్మే పురుషోత్తం శేట్‌కు అక్కడ నూలు అద్దకం కార్ఖానా ఉంది. ఆయన కొత్త బాయిలర్ పెట్టి కొత్త చిమ్ని లేపుదామనుకున్నాడు. పాత చిమ్ని పొగతోనే దగ్గి దగ్గి చస్తున్నామని ఇరుగుపొరుగు అడ్డం తిరిగింది. సంఘం పెద్దమనిషి పెంటప్ప మధ్యన పడి ఒక ఒప్పందం కుదిర్చాడు. కార్ఖానాకు చెరో పక్కన శేట్‌వి రెండు ఖాళీ ప్లాట్లున్నాయి, ఒకటి అక్కల్‌కోట్ రోడ్డు వైపు, ఇంకొకటి మురుగునీటి నాలా వైపు. వాటిలో ఒకటి శేట్ బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఊరికే ఇవ్వాలి. వాళ్లు అందులో పిల్లలకు బాలవాడి కట్టుకుంటారు, ఎందుకంటే ఇప్పుడు ఆ పిల్లలు తల్లుల పక్కన తంబాకు ధూళిలోనే నిద్రపోతున్నారు. ఏ ప్లాటు అన్నది కంప్యూటర్ చెప్పాలి. కొత్త చిమ్ని పొగ ఎక్కడ తక్కువ దిగితే పిల్లలు అక్కడ. అందరూ సరే అన్నారు. శేట్ కూడా అన్నాడు గానీ, రోడ్డు వైపు ప్లాటులో చద్దర్ల షోరూమ్ కట్టాలని ఆయన మనసులో ఎప్పటినుంచో ఉంది. ఆ సంగతి నగర్ అంతటికీ తెలుసు.

ట్రైనింగులో రెండో రోజు సాయంత్రానికి లెక్క తేలింది. మూడో రోజు ఆ ఎనిమిది మంది ముందు, నీలం నగర్ సంఘం హాలులో వసంత జనానికి దాన్ని విప్పి చెప్పాలి, అదే ఆమెకు పరీక్ష. వసంత ఇంటికి వచ్చి తండ్రి ముందు ఒక కాగితం పరిచింది. ప్రింటర్ చుక్కచుక్కగా కొట్టిన అంకెలు, వరసలు వరసలుగా, నీరసంగా ఉన్నాయి.

"బాపూ, ఒక పని చేసిపెడ్తవా? ఏడ అంకె పెద్దగుంటే ఆడ పొగ ఎక్కువ. ఒక్కతీరు ఉన్న అంకెలను కలుపుకుంట పెన్సిల్ గీత గీసిన. నడుమ చుక్క చిమ్ని. అటొక డబ్బ, ఇటొక డబ్బ రెండు ప్లాట్లు. బొమ్మ చూసేటోళ్ల కుడిచెయ్యి రోడ్డు దిక్కు, ఎడమచెయ్యి నాలా దిక్కు. గింత కాగితం హాలుల ఎవ్వరికి కనపడది. పెద్ద గుడ్డ మీద గీసియ్యి."

"ఇంతేనా?" అన్నాడు సిద్ధరాములు. గళ్ల కాగితం ఆయనకు అన్నం గిన్నె.

ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతున్న అనసూయ తలెత్తింది. "ఇంతకు పొగ ఏ ప్లాటు మీద పడ్డది బిడ్డా?"

"రేపు మీటింగ్‌లనే చెప్తనమ్మ. ఇప్పుడు నీకు చెప్తే పొద్దుగాల్లకు జోడ్‌భావి పేట్ దాక పోతది. నువ్వు గూడ బీడీలు చేసేదానివే. ఇంట్ల ముందే తెలిసిందని ఎవ్వరు అనొద్దు." తర్వాత తండ్రి వైపు తిరిగింది. "ఉన్నది ఉన్నట్టు దించు బాపూ. అందం చేయకు."

"నాకు చెప్తున్నవా?" అన్నాడు సిద్ధరాములు, మీసం కింద నవ్వుతూ.

తెల్లవారి వసంత ట్రైనింగ్ హాలుకు పోగానే పని మొదలుపెట్టాడు. పలచటి మల్లుగుడ్డను ఇంటి ముందు బిగించి కట్టి, నీలిమందులో ముంచిన దారంతో గళ్లు కొట్టుకున్నాడు. కాగితం మీద ఒక గడి, గుడ్డ మీద ఒక జాన. పొగ ఎక్కువున్న చోట ఎరుపు, దాని చుట్టూ నారింజ, ఆ బయట పసుపు, అన్నీ నూలుకు వాడే రంగులే. పొగ ఆకారం చూస్తే ఆయనకు ముచ్చటేసింది. అచ్చం చద్దరు అంచు మీద వేసే మామిడిపిందె. కూతురు అందం చేయవద్దంది కాబట్టి పిందెకు చిన్న తోక మాత్రమే చేర్చాడు. పొగ ఏ ప్లాటు మీద ఉందో ఆయన చూడలేదు. నక్ష గీసేవాడి కన్ను గడి మీదే ఉంటుంది, నెమలి ఎటు పోతోందన్నది వాడికి పట్టదు.

"మంచిగ వచ్చిందా?" అని అనసూయను అడిగాడు.

"మంచిగనే ఉంది. గా తోక ఎందుకు?"

"నీకు తెల్వదు, ఊకో."

సంఘం హాలులో ముందు భాగం మగవాళ్లది. వెనక వరండా ఆడవాళ్లది. మధ్యలో తలుపుల్లేని పెద్ద గుమ్మం. ఏ మీటింగైనా ఆడవాళ్లు వరండాలో కూర్చుని గుమ్మంలోంచి వినాలి, తాతల నాటి నుంచీ అంతే. గుడ్డ కట్టడానికి ఆ గుమ్మం కంటే మంచి చోటు సిద్ధరాములుకు కనిపించలేదు. వరండా వెలుతురు వెనకనుంచి పడి ఎరుపు ధగధగా మెరిసింది. మల్లుగుడ్డ కదా, రంగు రెండు వైపులా ఒక్కలాగే దిగింది. వరండాలో ఉన్నవాళ్లకూ చక్కగా కనిపిస్తుందని ఆయన ఇంకా మురిసిపోయాడు.

జనం నిండారు. వసంత రాలేదు. పక్కింటి ఫోనుకు కబురొచ్చింది, స్టేషన్ దగ్గర కరెంటు పోయిందట, ఆఖరి కాగితం ప్రింటర్ నోట్లో సగంలో ఇరుక్కుందట, కొంచెం ఆలస్యమవుతుందట. శేట్ గడియారం చూసుకున్నాడు. బాంబే పార్టీ వచ్చి కూర్చుందని, తనకు తీరిక లేదని అన్నాడు.

"సిద్ధరాములూ, గీసినోడివి నువ్వే గదా, నువ్వే చెప్పరాదు," అన్నాడు పెంటప్ప. ఆయనకు డెబ్బై దాటాయి, ఏ గొడవనైనా భోజనాల వేళకు ముగించాలని చూస్తాడు.

ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు సిద్ధరాములు లేచాడు. "నడుమ ఉన్నది చిమ్ని. రెండు డబ్బలు రెండు ప్లాట్లు. ఎర్రగున్న కాడ పొగ దండిగ, పసుపున్న కాడ తక్కువ, తెల్లగున్న కాడ లేనట్టే. మీ కుడిచెయ్యి రోడ్డు దిక్కు. ఎడమచెయ్యి నాలా దిక్కు." అంతటితో ఆగలేదు. గుడ్డ అంచు ఎత్తి, తల అవతలికి పెట్టి, ఆడవాళ్లకు కూడా అదే పాఠం అక్షరం పొల్లుపోకుండా ఒప్పజెప్పాడు. "మీ కుడిచెయ్యి రోడ్డు దిక్కు. ఎడమచెయ్యి నాలా దిక్కు."

మగవాళ్లు చూశారు. ఎరుపు కుడిచేతి వైపు డబ్బ మీద ఉంది. అంటే పొగ రోడ్డు ప్లాటు మీద. శేట్ లోపల చంకలు గుద్దుకున్నాడు గానీ పైకి నిట్టూర్చాడు. "ఏం చేస్తం. మిషన్ చెప్పినంక తప్పుతదా. పొగ తగిలే జాగ నేనే పెట్టుకుంట. నాలా దిక్కు ప్లాటు పిల్లలకు రాసిస్త. చల్లగ ఉండనీ," అన్నాడు. షోరూమ్ అద్దాల లోపల ఉండే చద్దర్లకు పొగ ఏం చేస్తుందని ఆయన ధీమా. మగవాళ్లు చప్పట్లు కొట్టారు. శేట్ చేతులు జోడించాడు.

వరండాలో పెద్ద గోల లేచింది.

"ఓ శేటూ, ఎర్రటి జాగ మాకిచ్చి తెల్లటి జాగ నువ్వు పెట్టుకుంటవా?" అని గుడ్డ అవతలినుంచి యశోద గొంతు. బీడీ ఆడవాళ్ల తరఫున మాట్లాడేది ఆమే. "పిలగాండ్లను ఎలుకలనుకున్నవా పొగ పెట్టనీకె?"

"ఎరుపు రోడ్డు దిక్కుంది తల్లీ," అన్నాడు పెంటప్ప.

"నాలా దిక్కుంది. మాకు కండ్లు లేవా?"

"ఏ చెయ్యి దిక్కుంది చెప్పు."

"ఎడమచెయ్యి. తినే చెయ్యేదో, కడిగే చెయ్యేదో తెల్వదా మాకు?"

మగవాళ్లు నవ్వారు. ఆడవాళ్లు ఇంకా మండిపడ్డారు. పెంటప్ప కర్ర పొడుచుకుంటూ లేచి, గుడ్డ ముందు నిలబడి చూశాడు. ఎరుపు కుడివైపు. గుడ్డ కింద దూరి అవతలికి పోయి చూశాడు. ఎరుపు ఎడమవైపు. మళ్లీ ఇవతలికి వచ్చాడు, మళ్లీ పోయాడు. చివరికి నడుం పట్టుకుని ఇవతలికి వచ్చి కూలబడ్డాడు.

"ఇద్దరు చెప్పేది నిజమే," అన్నాడు. "గుడ్డ గదా. ఈ దిక్కు చూస్తే ఒక తీరు, ఆ దిక్కు చూస్తే ఇంకో తీరు. సిద్ధరాములూ, నువ్వు చెప్పు. ఈ బట్టకు ముఖం ఏ దిక్కు, వీపు ఏ దిక్కు?"

"ముఖం ఈ దిక్కే గదా, మేం కూసున్న దిక్కు," అన్నాడు శేట్ వెంటనే.

సిద్ధరాములు నోరు తెరిచాడు. తన చేతి వంక చూసుకుని మళ్లీ మూసేశాడు.

నేతపని తెలియనివాళ్లకు ఇక్కడ ఒక్క ముక్క చెప్పాలి. ఆయన నక్షలెక్కే మగ్గాల మీద బట్ట బోర్లా నేస్తారు. ముఖం కిందికి, వీపు పైకి. అందుకని కుడివైపు రావాల్సిన పువ్వును నక్షలో ఎడమవైపు వేయాలి, పేర్లు, అక్షరాలు అయితే మరీను. కాగితం మీద కుడి గడి చూసి ఎడమ గడి నింపడం ఆయన చేతికి అన్నం కలుపుకున్నంత అలవాటు. బుర్రతో పని లేదు, చెయ్యే తిప్పేసుకుంటుంది. ఈ పొద్దున కూడా తిప్పేసుకుంది. ఈ గుడ్డను ఎవరూ మగ్గం మీద నేయరని చేతికి ఎవరు చెప్పాలి?

అంటే ముందు కూర్చున్న మగవాళ్లు చూసేది తప్పు బొమ్మ. వెనక వరండాలో ఉన్న ఆడవాళ్లు చూసేది అసలు బొమ్మ. పొగ నాలా వైపు ప్లాటు మీదే దిగుతుంది. చప్పట్లు కొట్టి పిల్లలను పంపుతున్నది అక్కడికే.

తప్పు తనదని చెప్పడం ఎలాగో సిద్ధరాములుకు రాదు, ఎప్పుడూ చెప్పి ఎరగడు. అలవాటు కొద్దీ ఎవరి మీద పెట్టాలా అని వెతికాడు. అనసూయ మీద పెట్టడానికి ఇది కూర కాదు. మున్సిపాలిటీకి దీనితో సంబంధం లేదు. అప్పుడు తట్టింది, కంప్యూటర్. అది ఎదురు మాట్లాడదు, హాలులో దాన్ని చూసినవాడు కూడా లేడు. రెండు దిక్కులా గొడవ తీరుతుంది, ఇంకో లెక్క వేసుకుని రమ్మంటే సరిపోతుంది.

"అది… కంప్యూటర్ల ఏదో లోపముంది," అన్నాడు. "మిషనే ఉల్టా చూపెట్టింది."

అని తల తిప్పేసరికి వాకిట్లో వసంత. ఆమె వెనక పూనా సారు, ఆ వెనక ఎనిమిది సఫారీ సూట్లు. ఆమె వినేసింది.

వసంత గుడ్డ వైపు చూసింది. ఎరుపు కుడివైపు ఉంది, తోకతో సహా. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల, బోర్లా నేత సంగతి ఆమెకు వేరే చెప్పనక్కర్లేదు. ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. తండ్రి ముఖం చూసింది. ఆ ముఖం ఎప్పుడూ లేనంత చిన్నదైపోయింది.

"కంప్యూటర్‌ది లోపం కాదు," అంది అందరికీ వినపడేట్టు. "తప్పు నాది. బొమ్మ ఉల్టా పడ్డది. నేను చూసుకోకుండ పంపిన."

పూనా సారుకు తెలుగు రాదు. ఏమైందని మరాఠీలో అడిగాడు. ఆమె మరాఠీలో అదే చెప్పింది, తప్పు నాదేనని. ఆయన ముఖం గంటు పెట్టుకున్నాడు. జనం ముందు పెట్టే మ్యాపును ముందుగా సరిచూసుకోవాలన్నది ఈ ట్రైనింగులో మొదటి రోజు పాఠం కదా, నేర్పేదానివి నువ్వే కదా అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. సఫారీ సూట్లలో ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వసంత తల దించుకుని నిలబడింది.

పూనా ఆఫీసులోని ఆ మూల కుర్చీని సిద్ధరాములు ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు కళ్లకు కట్టినట్టు కనిపించింది. ఎలా కదిలాడో తెలియదు గానీ హాలు మధ్యకు వచ్చేశాడు.

"తప్పు పిల్లది కాదు. నాది," అన్నాడు. ఆయనకు వచ్చిన మరాఠీలో సారుతో కూడా అన్నాడు. "ఉన్నది ఉన్నట్టు దించుమని చెప్పింది. మగ్గానికి తిప్పినట్టు నా చెయ్యి తిప్పింది. తప్పు నాదని చెప్పనీకె నోరు రాక మిషన్ మీద పెట్టిన. పొగ నాలా దిక్కే పోతది. వెనకున్న ఆడోళ్లు చూసేదే అసలు బొమ్మ."

మగవాళ్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. నక్ష సిద్ధరాములు నోట అలాంటి మాట అక్కడ ఎవరూ అంతకుముందు విని ఎరగరు.

శేట్ మాత్రం లేచి నిలబడ్డాడు. "బాగుంది. ఇంతసేపు రోడ్డు దిక్కు. బిడ్డ రాంగనె నాలా దిక్కు. నీ పెండ్లాం బీడీలు చేస్తది, ఆ వరండల్నే కూసుంది. తండ్రి, బిడ్డ కలిసి రోడ్డు ప్లాటు కోసం పొగను మలుపుతున్నరని నేనెందుకు అనుకోవద్దు?"

ఆ మాట సిద్ధరాములుకు కాలింది. అంతసేపూ తేలు కుట్టిన దొంగలా ఉన్న మనిషికి గొంతు తిరిగొచ్చింది.

"శేట్, నీ చద్దర్ల మూలకు నీ పేరు నేస్తరు గదా. ఆ పేరు సీదాగ ఎందుకొస్తది? నా చెయ్యి ఉల్టా రాస్తది గనక. ఇన్నేండ్లు ఆ ఉల్టా మీదనే నీ దుకాణం నడిచింది, ఒక్కనాడన్న ఎందుకని అడిగినవా? ఆ చెయ్యే ఇయ్యాల ఇది తిప్పింది. పేరు కాడ నమ్మినోడివి పొగ కాడ ఎందుకు నమ్మవు?"

ఈలోగా పూనా సారు వసంత చేతిలోంచి ప్రింటు కాగితం తీసుకుని, వేలు పెట్టి రెండు ప్లాట్ల దగ్గరి అంకెలు చదివాడు. నాలా ప్లాటు దగ్గర పెద్ద అంకె, రోడ్డు ప్లాటు దగ్గర దానిలో పదో వంతు కూడా లేదు. సఫారీ సూట్లు ఎనిమిదీ ఆ లెక్క తమ చేతులతోనే వేశామని తలూపాయి. పెంటప్ప కర్ర నేలకు కొట్టాడు.

"శేట్, ఏ దిక్కు తక్కువుంటే ఆ దిక్కు అని మాటిచ్చినవు. మాటకు బట్టకున్నట్టు రెండు ముఖాలు ఉండవు. రోడ్డు ప్లాటు పిల్లలకు."

శేట్ ముఖం ముడుచుకుని కూర్చున్నాడు. కూర్చున్నాక, "ఇయ్యనని నేనెప్పుడన్న?" అని గొణిగాడు. బాంబే పార్టీ సంగతి ఆయనకు మళ్లీ గుర్తు రాలేదు.

సిద్ధరాములు పోయి గుడ్డ ముడులు విప్పి, దాన్ని తిప్పి కట్టాడు. ఇప్పుడు మగవాళ్లకు ఎరుపు ఎడమవైపు వచ్చింది, ఉండాల్సిన చోటికి. అందరూ అమ్మయ్య అనుకున్నారు. వరండాలో మళ్లీ గోల మొదలైంది.

"అరే, ఇప్పుడు పొగ రోడ్డు దిక్కు ఎట్ల పోయింది?" అంటోంది యశోద. "ఇప్పటిదాక నాలా మీదుండె. మల్ల మలిపిన్రా?"

సిద్ధరాములు తల పట్టుకున్నాడు. వసంత చెప్పబోయింది. అంతలో గుడ్డ అంచు లేచింది, యశోద వంగి ఇవతలికి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి బొమ్మను చూసింది. ఎగాదిగా చూసింది. తర్వాత వెనక్కి తిరిగి పిలిచింది.

"అందరు ఇటు రాండ్రి. ఆ దిక్కు కూసుంటే ఎన్నటికి ఉల్టానే. ఈడనే కూసుందం."

ఒకరి వెనక ఒకరు గుడ్డ కింద నుంచి వచ్చారు. చంకల్లో పిల్లలు, చేతుల్లో బీడీ చాటలు. జంపఖానా మీద కాళ్లు బారజాపుకుని కూర్చున్న మగవాళ్లు కాళ్లు ముడుచుకున్నారు, తర్వాత జరిగారు, తర్వాత చాలామంది గోడకు ఆనుకుని నిలబడాల్సి వచ్చింది. పెంటప్ప ఏదో అనబోయి, భోజనాల వేళ గుర్తొచ్చి ఊరుకున్నాడు. సఫారీ సూట్లకు వాకిట్లో చెప్పుల పక్కన చోటు దొరికింది.

పూనా సారు వసంత దగ్గరికి వచ్చి మరాఠీలో మెల్లిగా, "వచ్చే నెల ఇచల్‌కరంజీలో ట్రైనింగ్. అక్కడా మగ్గాలే, అక్కడా నక్షలు గీసేవాళ్లే ఉన్నారు. మ్యాపు మాత్రం నువ్వే గీసుకో," అన్నాడు. వసంత ఒక్కసారి ఊపిరి పీల్చుకుని, కర్ర తీసుకుని, బొమ్మ ముందు నిలబడి మొదటినుంచి మొదలుపెట్టింది. చిమ్ని అంటే ఏంది, గాలి అంటే ఏంది, పొగ ఎందుకు అటు పోతది. తోక దగ్గరికి వచ్చేసరికి కర్రతో దాన్ని తాకి, "ఇది మా బాపు కలిపిండు, కంప్యూటర్ ఇయ్యలే," అంది. జనమంతా నవ్వారు.

సిద్ధరాములు మూలన కూర్చుని నేల చూస్తున్నాడు. అనసూయ వచ్చి పక్కనే చతికిలబడింది, చాట ఒళ్లో పెట్టుకుని. ఆయన ఆమె వైపు చూడలేదు.

"కోపమొచ్చిందా?" అన్నాడు.

"ఎందుకు?"

"నవ్వులపాలు చేసిన గదా అందరి ముందర."

అనసూయ ఒక బీడీ చుట్టి, దారం కట్టి, చాటలో పడేసింది.

"ఇందాక నడుమ నిలవడి ఏమో అన్నవు. తప్పు ఎవ్వరిదన్నవు? నేను వరండల ఉంటి, సరిగ వినపడలే."

సిద్ధరాములు గొంతు సవరించుకున్నాడు.

"నాది," అన్నాడు.

"జరా గట్టిగ చెప్పు."

"తప్పు నాది, అనసూయా," అన్నాడు సిద్ధరాములు, పాఠం చెప్తున్న వసంత కూడా ఆగి చూసేంత గట్టిగా.